పందొమ్మిదో బిళ్ళ

మా ఆఫీసు కడపలో, టైల్స్ అమ్మే కొట్టు మీద, రెండో అంతస్తులో ఉంటుంది. రెండే గదులు. ముందు గదిలో మా ఓనరు భూపేష్ కూర్చుంటాడు. వెనక గదిలో నేను, ఒక పెద్ద కంప్యూటరు, ఎప్పుడూ గురగురలాడే పాత ఏసీ. నా పేరు మధులత. మైదుకూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోతాను. మే నెలలో పన్నెండు దాటిందంటే మా వీధిలో కుక్క కూడా కనిపించదు. ఆ వేళ గురించి మా అవ్వ ఒక మాట చెప్పేది. మిట్టమధ్యాహ్నం ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకొద్దు, మూడోసారి పిలిచేదాకా ఆగు, దెయ్యానికి మూడోసారి పిలిచే ఓపిక ఉండదు అని. ఇంజనీరింగు చదివినదాన్ని కదా, నవ్వి ఊరుకునేదాన్ని.

నిజానికి ఓపిక లేనిది నాకే. అన్నం ఉడికేలోపే నాలుగుసార్లు మూత తీసి చూసే రకం. "పరుగెత్తి పాలు తాగేదానికన్నా నిలబడి నీళ్ళు తాగేది మేలు" అని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. నేను వినలేదు. నేను వినకపోవడం వల్ల ఒక మనిషి పోయాడు. ఆయన పేరు ఏసేపు.

మేం తయారుచేసేది నాపరాళ్ళ గనుల్లో పెట్టే ఒక పెట్టె. హాజరు పెట్టె అంటారు దాన్ని. గనిలో పైపొరగా ఉండే పనికిరాని రాయిని మందు పెట్టి పేలుస్తారు. పేల్చే ముందు కింద ఉన్నవాళ్ళందరూ పైకి రావాలి. మా పెట్టె ఒక్కొక్కరి పేరూ స్పీకరులో మూడుసార్లు పిలుస్తుంది. పైకి వచ్చిన మనిషి తన జేబులోని ప్లాస్టిక్ బిళ్ళను పెట్టెకు చూపిస్తే 'టిక్' మని చప్పుడై, అతని నంబరు దగ్గర చిన్న దీపం వెలుగుతుంది. బిళ్ళ జానెడు దూరంలోకి వస్తేనే పెట్టె దాన్ని గుర్తిస్తుంది. అన్ని చిన్న దీపాలూ వెలిగేదాకా పెద్ద ఎర్ర దీపం ఉంటుంది, వెలిగాక పచ్చ దీపం వస్తుంది. దాన్ని చూశాకే మందు పేల్చాలి. ఆ పెట్టెలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కట్టి, పెట్టెల్లో వేయడానికి రిలీజు చేసే పని నాది.

మొదటి పెట్టెను మైదుకూరు అవతల ఒక గనిలో పెట్టాం. అక్కడ ముప్పై ఏళ్ళుగా పేర్లు పిలిచే పని ఏసేపుది. గని అంచున నిలబడి, గుండెల నిండా ఊపిరి తీసుకుని పిలిచేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. అంత మంచి గొంతు దొరికితే ఎందుకు వదలాలి? పెట్టెలో ఆయన గొంతే పెడదామని, ఒకరోజు అన్నాల వేళ, పేర్చిన రాళ్ళ నీడలో కూర్చోబెట్టి రికార్డు చేశాను.

నేను "ఊ, తర్వాత, తర్వాత" అని తొందరపెడుతుంటే ఆయన చేత్తో ఆపాడు.

"పిలిచినాక జవాబు వినేదాంక నిలబడల్ల పాపా. పిలిచి పక్కకు పోతే అది పిలిచినట్టు గాదు."

పద్దెనిమిది పేర్లు అయ్యాక తన పేరు దగ్గర ఆగి నవ్వాడు. "ఎవురన్నా పిలిస్తే పలుకుతాం గానీ, నన్ను నేనే పిలుచుకునేది యాడన్నా ఉండాదా?"

"ఇన్నాళ్ళూ నువ్వు పైన నిలబడుకోనుంటివి గదా పెద్దాయనా. ఇంక పిలిచేది పెట్టె. నువ్వు గూడా కిందికి దిగుతావు. నిన్ను గూడా పిలవల్ల గదా."

"అదీ నిజమేలే" అని ఊపిరి తీసుకుని, "ఏసేపూ..." అని పిలిచాడు. పక్కన రాళ్ళు పేరుస్తున్న ఆయన భార్య జీవమ్మ తల తిప్పి, "నిన్ను నువ్వే పిలుచుకుంటాండావు, మతి గాని పోయినాదా ఏంది?" అంది. అందరం నవ్వాం. ఆయన చేతిలో పందొమ్మిదో నంబరు బిళ్ళ పెట్టాను. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టుకున్నాడు.

ఆఫీసుకు వచ్చి విన్నాను. ప్రతి పేరు ముందూ ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు పడింది. పందొమ్మిది పేర్లు, పందొమ్మిది ఊపిర్లు. నాకు అది వృథా అనిపించింది. అన్నీ కత్తిరించేశాను. పేర్లు చకచకా వచ్చాయి, నాకు సంతోషమైంది.

ఇక నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్. దానిలో ఏమేం ఉండాలో, ఏమేం అక్కర్లేదో రాసిన చిట్టాను కాన్ఫిగ్ అంటాం. స్పీకరు ఉందా? ఉంది. కెమెరా ఉందా? లేదు. ఇలాంటివి కొన్ని వేల వరుసలు. మా పెట్టె చిన్నది, లోపల జాగా తక్కువ. అందుకని అందరూ వాడే చిట్టా పనికిరాదు. అక్కర్లేనివన్నీ తీసేసి మా సొంత చిట్టా రాసుకున్నాం. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా పాత చిట్టాను దాని ముందు పెడతాను. పాత జవాబులు అది తీసుకుంటుంది. కొత్తగా వచ్చిన వాటిని మాత్రం ఒక్కొక్కటే అడుగుతుంది. కావాలంటే వై, వద్దంటే ఎన్. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే తనకు తోచిన జవాబు తనే రాసుకుని ముందుకు పోతుంది.

మార్చిలో కొత్త కెర్నల్ వచ్చింది. నూట డెబ్భై మూడు ప్రశ్నలు అడిగింది. నాకు మైదుకూరు బస్సు అందాలి. మొదటి నాలుగు చదివాను. ఆ తర్వాత ఎంటర్ మీట మీద వేలు పెట్టి, వదలకుండా నొక్కి పట్టుకున్నాను. పది సెకన్లు కూడా పట్టలేదు. మా పనిలో ఇది అందరూ చేసేదే. గొప్ప నేరమని ఎవరూ అనుకోరు.

ఆ ప్రశ్నల్లో ఒకటి కాపలాకుక్క గురించి. వాచ్‌డాగ్ అంటారు. పెట్టె ఎండకో దేనికో బిగుసుకుపోతే, దాన్ని తట్టి లేపి మొదటి నుంచి పేర్లు పిలిపించేది అదే. పాత కెర్నల్‌లో దానికి ఒక పేరు, కొత్తదానిలో ఇంకో పేరు. అందువల్ల పాత జవాబు చెల్లలేదు, మళ్ళీ అడిగింది. నేను ఏమీ చెప్పలేదు కాబట్టి వద్దని రాసుకుంది. రిలీజుకు ముందు, పెట్టెను కావాలని బిగుసుకుపోయేలా చేసి, అది తనంతట తాను లేస్తుందో లేదో చూడాలి. పోయినసారి చూశాం కదా అని కాగితం మీద టిక్కు పెట్టేశాను.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదో తేదీ. గనిలో పొద్దున పదకొండుకు ఒకసారి పేల్చారు. పందొమ్మిది మందీ హాజరు పలికారు, పచ్చ దీపం వచ్చింది. ఆ పచ్చ దీపంతోనే పెట్టె బిగుసుకుపోయింది. ఎండ అట్లా ఉంది ఆరోజు. లేపే కుక్క లేదు. మళ్ళీ పన్నెండున్నరకు పేల్చాలి. పైన రాళ్ళు కోసే కోతమిషను మోతలో పెట్టె పేర్లు పిలిచిందో లేదో ఎవరూ పట్టించుకోలేదు. మందు పెట్టే గిడ్డయ్య గుంతల్లో మందు నింపే పనిలో ఉండి, తల ఎత్తి చూస్తే పచ్చ దీపం ఉంది. తన బిళ్ళ తనింకా చూపించలేదని కూడా తట్టక, పైకి వచ్చి విజిల్ వేసి మీట నొక్కాడు. మిగిలినవాళ్ళు అన్నాలకని ముందే పైకి వచ్చేశారు, ఏసేపు ఒక్కడే కింద ఒక మూల గడ్డపారలు సర్దుతున్నాడు. పిలుపు మొదలైతే పైకి పోదామని అనుకుని ఉంటాడు. తన గొంతు కోసం తనే ఎదురుచూశాడు.

విచారణకు వచ్చినవాళ్ళు గిడ్డయ్యను ఒక్కణ్ణే అడిగారు. పచ్చ దీపం చూశానని ఒట్టు పెట్టి చెప్పాడు. అది నిజమే కదా. పచ్చ దీపం ఉందంటే ఏసేపు హాజరు పలికినట్టే. పలికాక మళ్ళీ దిగాడంటే అది ఆయన అజాగ్రత్త. అట్లాగే రాసుకుపోయారు.

పెట్టెలోని మెమరీ కార్డు నా బల్ల మీదికి వచ్చింది. చూశాను. పదకొండుంబావు తర్వాత అందులో ఏమీ లేదు. పన్నెండున్నరకు ఎవరినీ పిలవలేదు. భూపేష్‌కు చూపించాను. కార్డు తిరిగి నా చేతికే ఇచ్చేశాడు.

"చిట్టా సరిచేసి కొత్త రిలీజు ఇయ్యి మధూ. కాగితంలో చిన్న మార్పులు అని రాయి. పోయిన ఆయప్ప ఎట్లా పోయినాడు. ఉండేటోళ్ళ సంగతి చూసుకుందాం."

నేను సరేనన్నాను. సమాధి కార్యక్రమానికి వెళ్ళాను కూడా. శవపెట్టె మూసేముందు జీవమ్మ ఆయన తెల్ల చొక్కా జేబులో పందొమ్మిదో బిళ్ళ పెట్టింది. "కడవరి దినాన దేవుడు పేరు పిలిస్తే ఆజరు పలకల్ల గదా" అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. "పాపా, నీకు తెలుసు గదా ఆ పెట్టె సంగతి. ఆ పొద్దు అది నా మొగుని పేరు పిలిచినాదా లేదా?"

"చూసి చెప్తా పెద్దమ్మా" అన్నాను. అప్పటికే చూసి నాలుగు గంటలైంది. ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను. సిగ్గుతో ఏడ్చాను. అయినా చెప్పలేదు.

మూడు వారాలు గడిచాయి. కొత్త రిలీజు కట్టే రోజు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుంబావు. భూపేష్ భోజనానికి ఇంటికి వెళ్ళాడు. కరెంటు పోయింది. కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తోంది గానీ ఏసీ ఆగిపోయింది. ఎండ లోపలికి రాకుండా కిటికీలకు మందపాటి పరదాలు వేసి ఉన్నాయి. తెర వెలుగు తప్ప గదంతా చీకటి. కింద కొట్టు కూడా మూసేసినట్టున్నారు, చప్పుడు లేదు. నా చెమట మెడ మీద జారుతుంటే తెలుస్తోంది.

ఆ ఒక్క వరుస సరిచేస్తే సరిపోయేది. కానీ ఈసారి అన్నీ సక్రమంగా చదవాలని, పాత చిట్టా నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఒకటి చదివాను. రెండు చదివాను. పన్నెండో ప్రశ్న దాకా చదివాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది... నా వేలు తనంతట తనే ఎంటర్ మీదికి పోయింది. కాపలాకుక్క వరుస చివర్లో చేత్తో మార్చుకుందాంలే అనుకున్నాను. నొక్కి పట్టుకున్నాను.

ప్రశ్నలు జరజరా పైకి పోయాయి. ఆగిపోయాయి.

కాపలాకుక్క కావాలా? వై, లేక ఎన్?

వేలు ఇంకా మీట మీదే ఉంది. గట్టిగా నొక్కాను. ముందుకు పోలేదు. అదే ప్రశ్న కింద ఇంకోసారి పడింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. తెరంతా అదే ప్రశ్న నిండింది. మీట ఇరుక్కుందేమోనని వేలు తీసేశాను.

వేలు తీశాక కూడా... ఇంకొకసారి అడిగింది.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన నాపరాయి వాసన. వెంటనే దాని మీద కాలిన మందు వాసన, గనిలో పేల్చిన తర్వాత గొంతులో పట్టుకునేది. తలుపు వేసి ఉంది. గదిలో గాలి కదలడం లేదు. నేను ఊపిరి బిగబట్టాను.

నా వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు.

నిదానంగా... గుండెల నిండా. ఆ చప్పుడు నాకు తెలుసు. పందొమ్మిదిసార్లు విన్నాను. పందొమ్మిదీ నా చేత్తోనే కత్తిరించాను.

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. నా కుడి చెవి దగ్గర, ఒక మనిషి వంగి తెరలోకి చూస్తే ఎంత దూరంలో ఉంటాడో అంత దూరంలో...

"నిదానం పాపా."

చేతులు రెండూ ఒడిలోకి తీసుకున్నాను.

"జవాబు విననీ."

వై కొట్టాను. ప్రశ్న మారింది. ఆ తర్వాత నూట డెబ్భై మూడులో మిగిలినవన్నీ, ముందు దాటేసినవి కూడా వెనక్కి పోయి, పైకి చదువుతూ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. నా గొంతు గదిలో వినిపిస్తున్నంతసేపూ ఆ వాసన ఉంది. మూడు గంటలకు కరెంటు వచ్చింది. భూపేష్ తలుపు తీసుకుని వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. కీబోర్డు చూపించాను. ఎంటర్ మీట మీద మాత్రం బూడిదరంగు రాతి దుమ్ము, వేలితో గీస్తే గీత పడేంత మందంగా ఉంది.

"కింద టైల్స్ కోస్తాంటారు గదా, యాడనుంచో వచ్చింటాదిలే" అని ఊదేశాడు. కానీ పక్క మీటల మీద ఎందుకు లేదో అతను అడగలేదు, నేనూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత కొత్త రిలీజు పట్టుకుని గనికి వెళ్ళాను. జాబితాలో ఏసేపు పేరు తీసేశాను. ఆయన తన పేరు పిలుచుకున్న రికార్డు కూడా చెరిపేశాను. జీవమ్మ ఆ పిలుపు వింటే తట్టుకోలేదని అనుకున్నాను. మిగిలిన పద్దెనిమిది పేర్లు ఆయన గొంతులోనే ఉన్నాయి. గొంతు తీసేయొద్దని గనివాళ్ళు ముందే కబురు చేశారు.

పన్నెండున్నర. నీడ కాళ్ళ కిందికి వచ్చేసింది. కోతమిషను ఆపించాను. జీవమ్మ పనికి రావడం మానేసింది, కానీ ఆరోజు మొగుని గొంతు వింటానని వచ్చి రాళ్ళ మీద కూర్చుంది. పెట్టె పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే వచ్చి బిళ్ళ చూపించారు. టిక్. టిక్. కింద గనిలో ఎవరూ లేరు, నా కళ్ళతో చూశాను. పద్దెనిమిదో మనిషి గిడ్డయ్య. ఆయన బిళ్ళ కూడా పలికింది. ఇక పచ్చ దీపం రావాలి.

రాలేదు.

పెట్టె పాడైందేమోనని వంగి చూశాను. అంతా సరిగానే ఉంది. పద్దెనిమిది పేర్లు, పద్దెనిమిది దీపాలు. ఎర్ర దీపం మాత్రం అట్లాగే ఉంది. పెట్టె ఇంకా ఎవరి కోసమో ఆగింది.

స్పీకరులో ఊపిరి తీసుకున్న చప్పుడు వచ్చింది.

"ఏసేపూ..."

ఎవరూ కదల్లేదు. గనిలో ఆ పిలుపు ఒక గోడ నుంచి ఇంకో గోడకు పోయి ఆరిపోయింది. ఆ రికార్డు పెట్టెలో లేదు. నా చేత్తో చెరిపాను.

"ఏసేపూ..."

గిడ్డయ్య తల మీది తువ్వాల తీసి గుండెకు హత్తుకున్నాడు.

"ఏసేపూ..."

మూడోసారి కూడా పిలిచింది. మా అవ్వ మాట గుర్తొచ్చింది, దెయ్యమైతే మూడోసారి పిలవదు. జీవమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. ఆమెకు భయం లేదు. ఆమె కళ్ళలో అదే పాత ప్రశ్న ఉంది.

"పాపా, ఆ పొద్దు గూడా ఇట్లనే పిలిచినాదా?"

ఈసారి నోరు విప్పాను. "లేదు పెద్దమ్మా. పిలవలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఆ పొద్దు ఎవురినీ పిలవలేదు. పొద్దున వచ్చిన పచ్చ దీపమే అట్ల నిలబడిపోయినాది. తప్పు పెద్దాయనది గాదు, గిడ్డయ్యది గాదు. నాది. పెట్టెను తయారుచేసేటప్పుడు ఏమేం కావాలని అది ఒక్కొక్కటే అడుగుతాది. నేను జవాబు చెప్పకుండా, తొందరపడి మీట నొక్కుకుంటా పోయినా. మూడు వారాల నుంచి తెలుసు నాకు. నీకు చెప్పలేదు."

కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె రాతి మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అందర్నీ పిలిచేటోడు తన ఆజరు మరిచిపాయ అన్నారు. పిల్లోళ్ళు గూడా అన్నారు. నేను గూడా... ఒగ పొద్దు, ఎందుకు దిగితివి రా సచ్చినోడా అని తిట్టుకుంటి." కళ్ళు తుడుచుకుంది. "పిలిచింటే వచ్చేటోడు."

"వచ్చేటోడు పెద్దమ్మా."

"పిలవకపాయ. ఇంగెట్ల వస్తాడు పైకి? ఆడనే ఉంటాడు." గని వైపు చూపించింది. "నువ్వు పిలువు. పెట్టెతో గాదు. నీ నోటితో పిలువు."

గని అంచుకు వెళ్ళాను. ఆయన ముప్పై ఏళ్ళు నిలబడిన చోట రాయి నున్నగా అరిగి ఉంది. కింద ఎండ తెల్లగా కొడుతోంది, ఒక గడ్డపార ఒంటరిగా పడి ఉంది. గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. "ఏసేపు పెద్దాయనా!" అని పిలిచాను. ఆగాను. జవాబు కోసం నిజంగానే ఆగాను. రెండోసారి పిలిచాను. ఆగాను. మూడోసారి పిలిచినప్పుడు అది పిలుపో ఏడుపో నాకే తెలియలేదు.

వెనక, పెట్టె దగ్గర...

టిక్.

పందొమ్మిదో దీపం వెలిగింది. పెట్టెకు పది అడుగుల దూరంలో ఎవరూ లేరు. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది.

జీవమ్మ చేతులు జోడించి, "వచ్చినాడు" అంది. ఏడుస్తూనే నవ్వింది. గిడ్డయ్య మాత్రం పచ్చ దీపాన్ని చూసి వెనక్కి వెనక్కి నడిచాడు. "ఈ పొద్దు మందు పేల్చను నేను. కోసినా పేల్చను" అని గొణిగాడు. ఆరోజు పని ఆపేసి అందరూ వెళ్ళిపోయారు.

మర్నాడు విచారణ ఆఫీసుకు ఉత్తరం రాశాను. నూట డెబ్భై మూడు ప్రశ్నలు, నొక్కి పట్టుకున్న మీట, చేయని పరీక్షకు పెట్టిన టిక్కు, మెమరీ కార్డు... ఏదీ దాచలేదు. "పెట్టెలన్నీ వెనక్కి వస్తాయి మధూ, మునిగిపోతాం" అని భూపేష్ బతిమాలాడు. రిజిస్టరు పోస్టులో పంపించాను. వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఏసేపు తప్పేమీ లేదని రాశారు. ఆ కాగితం జీవమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. నా మీద ఏం చర్య తీసుకుంటారో ఇంకా తెలియదు, ఏదైనా సరే. భూపేష్ నాతో ముక్తసరిగా మాట్లాడతాడు గానీ తీసేయలేదు. ఈ పని తెలిసినవాళ్ళు కడపలో ఇంకెవరూ దొరకలేదట.

ఏసేపు పెద్దాయన ఇక నెమ్మదిగా ఉంటాడని అనుకున్నాను. నా మనసు కూడా కొంచెం కుదుటపడింది.

నిన్న కొత్త కెర్నల్ వచ్చింది. నలభై ఒక్క ప్రశ్నలు. ఒక్కొక్కటీ పైకి చదివి జవాబు చెప్పాను. ఎంటర్ మీద వేలు ఆనించలేదు. చివరి ప్రశ్న అయ్యేసరికి పన్నెండున్నర అయింది. గదిలో నేను ఒక్కదాన్నే. పరీక్ష కోసం బల్ల మీద పెట్టుకున్న పెట్టె నా మోచేతి పక్కనే ఉంది. దానికి పైమూత లేదు, ఇంకా స్పీకరు కూడా బిగించలేదు. ఆఫీసులో ఒక్క బిళ్ళ కూడా లేదు, అన్నీ గనికి పంపేశాం.

టిక్.

పందొమ్మిదో దీపం వెలిగింది.

బిళ్ళ జానెడు దూరంలో ఉంటేనే పెట్టె గుర్తిస్తుంది. ఆ బిళ్ళ మైదుకూరు అవతల మట్టిలో, ఒక తెల్ల చొక్కా జేబులో ఉంది. నేను మోచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాను. చర్మానికి చల్లగా తగిలింది, నీళ్ళు చల్లిన రాయి తగిలినట్టు.

పిలవనిదే పలికే మనిషి కాదు ఆయన. నేను పిలవలేదు. హాజరు పలకడానికి కాకపోతే ఇంకెందుకు వచ్చాడు? ముప్పై ఏళ్ళు ఆయన చేసిన పని ఇంకొకటి ఉంది, పేర్లు పిలవడం.

"పెద్దాయనా..." అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

స్పీకరు లేని ఆ పెట్టెలోంచి ఊపిరి తీసుకున్న చప్పుడు వచ్చింది. నిదానంగా... గుండెల నిండా.

పేరు ఇంకా రాలేదు.